నీసా తల్లి కూతుళ్ళు

మా కొండ మీద మూడు ఊళ్ళున్నాయి. పై ఊరివాళ్ళు ఆర్నే ఊట నీళ్ళు తాగుతారు. మధ్య ఊరివాళ్ళకు మెలాంథో ఊట. కింద ఊరివాళ్ళం మాది నీసా ఊట. ఆర్నే, మెలాంథో, నీసా ముగ్గురూ థియూస్ నదికి పుట్టిన ఆడపిల్లలు. అర్తెమిస్ దేవి మా అడవుల్లో వేటాడిన రోజుల్లో ఆమె వెంట తిరిగినవాళ్ళు. పెద్దది విల్లు మోసేది. రెండోది వేటకుక్కల్ని పట్టుకునేది. చిన్నది నీసా, దేవి వేట ముగించుకుని వచ్చాక కాళ్ళకు నీళ్ళు పోసేది. ఆ తర్వాత ఆర్నే హెర్మెస్ దేవుడికి కొడుకుని కన్నది. మెలాంథో పాన్ దేవుడికి కవల మగపిల్లల్ని కన్నది. నీసాకు ఒక్క కూతురు. ఆ కూతురి తండ్రి ఎవరో మా ఊళ్ళో ఎవరూ చెప్పరు, అడగరు కూడా.

కొండ దిగి రెండు రోజులు నడిస్తే ఈ ముగ్గురి పేర్లు విన్నవాళ్ళే ఉండరు. మాకు మాత్రం వాళ్ళతోనే బతుకు. ముగ్గురూ ఒకే తండ్రి బిడ్డలు కాబట్టి కొండ నెత్తిన ఉన్న వేసవి పచ్చిక మూడు ఊళ్ళకూ ఉమ్మడి. కింద ఎండలకు గడ్డి మాడిపోయే నాటికి మూడు ఊళ్ళ మేకలూ గొర్రెలూ అక్కడికే ఎక్కుతాయి. ఎక్కేముందు అర్తెమిస్ దేవి పండగ రోజున ఒక్కో ఊరి నుంచీ ఒక్కో ఆడమనిషి తన ఊట నీళ్ళు కడవతో తీసుకెళ్ళి బలిపీఠం మీద పోయాలి. మా ఊరి కడవ ఎత్తేది మా అత్త నికిప్పా.

నేను మధ్య ఊరి పిల్లని. నా పేరు కల్లో. నికిప్పా ఒక్కగానొక్క కొడుకు థెర్సియాస్‌కు నన్నిచ్చి చేశారు. పెళ్ళయిన మూడో నెలలోనే ఆయన ఈటె భుజాన వేసుకుని సముద్రం అవతల ఏదో రాజు దగ్గర జీతానికి యుద్ధం చేయడానికి వెళ్ళిపోయాడు. మా ఊళ్ళో వయసులో ఉన్న మగవాళ్ళందరి దారీ అదే. మిగిలింది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, మేకలు. అందుకే మాతో తగవు పెట్టుకోవడం ఎవరికైనా తేలికే.

ఆ ఏడు వసంతంలో ఒక పొద్దున్న మేం ఊట దగ్గర ఉన్ని ఉతుకుతుంటే, చేతిలో కర్ర, భుజాన సంచీ ఉన్న ఒకతను దిగి వచ్చాడు. ఆర్గోస్ పట్నం వైపు మనిషి. పేరు ఫానియాస్. ఊరూరా తిరిగి, పెద్దింటివాళ్ళ వంశాలు దేవుళ్ళ దాకా పాడి వినిపించడం అతని పని. పై ఊళ్ళో ఎపీతెలెస్ ఇంట్లో దిగాడట. ఎపీతెలెస్ అంటే మా కొండ మీద అందరికంటే ఎక్కువ మంద ఉన్నవాడు, పై ఊరి పెద్ద.

"అమ్మా, మీ మూడు ఊళ్ళ వంశం ఒక పాటగా కడుతున్నాను. పైన రెండు ఊళ్ళవీ అయిపోయాయి. మీ నీసాను ఏ దేవుడు పెళ్ళాడాడో చెబితే పని పూర్తవుతుంది" అన్నాడు ఫానియాస్.

మా అత్త తలెత్తలేదు. "ఆర్గోస్ నుంచి ఇంత దూరం వచ్చింది మా తల్లి మొగుడెవరో తెలుసుకోడానికా నాయనా? మీ ఊళ్ళో ఆడవాళ్ళకు మొగుళ్ళు లేరా?"

ఊట చుట్టూ అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. చెడ్డవాడేమీ కాదు. "పోనీ మొగుడొద్దు. ఆమె తర్వాత ఎవరు, వాళ్ళ తర్వాత ఎవరు, ఆ పేర్లయినా చెప్పండి."

"అవి మగవాళ్ళకు చెప్పేవి కావు."

"మరి ఎవరికి చెబుతారు?"

"పెళ్ళికూతుళ్ళకి. నువ్వు పెళ్ళికూతురివైతే రా, చెవిలో చెబుతా" అని మా అత్త తడి ఉన్ని బుట్టలో పడేసి ఇంటికి బయల్దేరింది.

ఆ మాట నిజమే. మా కొండ మీద పెళ్ళి రోజు పొద్దున్నే పెళ్ళికూతుర్ని ఊటలో మోకాలి లోతున నిలబెట్టి, తల్లి ఆమె చెవిలో తన తల్లి పేరు, ఆ తల్లి తల్లి పేరు, అలా ఊట తల్లి దాకా చెబుతుంది. పిల్ల మూడుసార్లు తిరిగి చెప్పాలి. మగవాళ్ళు వినకూడదు, పెళ్ళి కాని పిల్లలూ వినకూడదు. కూతురు ఏ ఊరికి కోడలిగా వెళ్ళినా ఆ పేర్లు ఆమె వెంటే వెళ్తాయి, ఆమె కూతురికి అందుతాయి. నాకు మా అమ్మ చెప్పినవి మెలాంథో దాకా వెళ్తాయి, పదకొండు పేర్లు.

అత్త వెళ్ళిపోయాక ఫానియాస్ రాతి మీద కూలబడ్డాడు. ఎండన పడి వచ్చాడు కదా అని నేను యవల రొట్టె, మేకపాల జున్ను పెట్టాను. తింటూ నా ఊరేదో అడిగాడు, మా ఆయన ఎక్కడున్నాడో అడిగాడు. వింటాడనుకుంటే ఎంతైనా మాట్లాడబుద్ధేసే మనిషి. మొగుడు వెళ్ళిపోయిన ఇంట్లో నాతో ఎవరైనా అలా మాట్లాడి చాలా రోజులైంది.

"మీ అత్తగారికి కోపం వచ్చినట్టుంది" అన్నాడు.

"ఆవిడకి కోపం కాదులే. చెప్పడానికేముంది గనక! మా నీసాకు మగపిల్లలే లేరు. ఒక్క కూతురు, దానికి తండ్రి పేరు కూడా లేదు" అన్నాను నేను.

అతను తల ఊపి, చేతులు దులుపుకుని, దీవించి వెళ్ళిపోయాడు.

ఇరవై రోజుల తర్వాత ఎపీతెలెస్ మేకపోతుల్ని కోయించి విందు చేశాడు. మూడు ఊళ్ళ పెద్దల్నీ పిలిచాడు. మా ఊరి నుంచి ముగ్గురు ముసలివాళ్ళు వెళ్ళారు. మాపటికి తిరిగొచ్చినప్పుడు వాళ్ళ ముఖాల్లో రక్తం లేదు. ఫానియాస్ పాట చాలా బాగుందట. ఆర్నే కొడుకు పుట్టినప్పుడు హెర్మెస్ తెచ్చిన కానుకల దగ్గర జనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. నీసా దగ్గరికి వచ్చేసరికి, ఆమె థియూస్ నదికి కూతురు కాదు, అక్కచెల్లెళ్ళిద్దరికీ నీళ్ళు మోసిన దాసి అని పాడాడట. కాళ్ళు కడిగేది దాసి కాక ఎవరు? మొగుడు లేకుండా బిడ్డని కన్నది దాసి కాక ఎవరు?

పాట అయ్యాక ఎపీతెలెస్ లేచి తాపీగా చెప్పాడట. "అక్కచెల్లెళ్ళ ఆస్తి అక్కచెల్లెళ్ళ పిల్లలది. దాసి పిల్లలకి అందులో ఏం పని? ఈ ఏటి నుంచి కింద ఊరి మంద పచ్చిక ఎక్కక్కర్లేదు. పండగలో వాళ్ళ కడవ కూడా అక్కర్లేదు."

"మీరేమన్నారు?" అని అడిగింది మా అత్త.

"ఏమంటామమ్మా? ఆ పేర్లు మాకేం తెలుసు? తెలిసినదానివి నువ్వు చెప్పనంటివి" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

నేను గోడకానుకుని కూర్చుని అంతా విన్నాను. ఆ రోజు తిండి సయించలేదు. మర్నాడు పాలు పితికేటప్పుడు ఉండబట్టలేక చెప్పేశాను. "అత్తా, తండ్రి పేరు లేని కూతురు అన్న మాట నేనే అన్నాను. అతనికి జున్ను కూడా పెట్టాను."

కొడుతుందనుకున్నాను. ఆవిడ మేక పొదుగు వదలకుండానే నా వంక చూసింది. "ఏం జున్ను? కొత్తదా పాతదా?"

"కొత్తది."

"పాతది పెట్టాల్సింది. గట్టిగా ఉంటుంది, దవడలు నొప్పెట్టి పాడేవాడే కాదు" అని మళ్ళీ పాలు పితకసాగింది. కాసేపయ్యాక అంది. "నువ్వు అన్నది అబద్ధం కాదు కదే పిల్లా. నేను నోరు మూసుకున్న చోట నీ మాట ఒక్కటే వాడికి దొరికింది. నేను చెప్పి ఉంటే నీ మాటకి అంత విలువ ఉండేది కాదు."

తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది.

రెండు రోజులు ఆవిడ ఊట దగ్గరికి కూడా రాలేదు. వడుకుతూ కూర్చునేది, దారం తెగేది, మళ్ళీ కలిపేది. ఆ పేర్లు మగవాళ్ళ ముందు పలికితే నీసా తల్లి ఊట ఎండిపోతుందని ఆవిడకి వాళ్ళ అమ్మ చెప్పిందట. పలకకపోతే మేకలు ఎండిపోతాయి. ఊట ఎండుతుందన్నది నిజమో కాదో తెలియదు. మేకల సంగతి మాత్రం కళ్ళముందే ఉంది. మూడోరోజు పొద్దున్న జడ అల్లుకుని, నా చేతికి తేనె కుండ ఇచ్చి, "నడు. పై ఊరికి పోదాం" అంది.

"ఎవరింటికి?"

"ఎపీతెలెస్ ఇంటికే. వాడు ఉండడు, మంద దగ్గర ఉంటాడు ఈ వేళకి. వాళ్ళమ్మ ఉంటుంది."

ఎపీతెలెస్ తల్లి తిమారెతా అప్పటికి బాగా ముసలిది. పెరట్లో అంజూరపు చెట్టు కింద గొర్రెతోలు మీద కూర్చుని ఉంది. చుట్టూ కోడళ్ళు, పనివాళ్ళు. మా అత్త వెళ్ళి పక్కన చతికిలబడి, "అక్కా, తేనె తెచ్చాను" అంది. తిమారెతా ఆ మాటకి ఉలిక్కిపడి కోడళ్ళని ఏవో పనులు చెప్పి లోపలికి పంపేసింది.

"అక్కా అంటావేమే అందరి ముందు?"

"అక్కవి కాదా? మా అమ్మమ్మ ఆంద్రో. మీ అమ్మమ్మ మ్నాసో. ఇద్దరూ యూక్లేయా కూతుళ్ళు. చిన్నదాన్ని మా ఊళ్ళోనే ఇచ్చారు, పెద్దదాన్ని ఇక్కడికిచ్చారు. నీ పెళ్ళినాడు మీ అమ్మ నీ చెవిలో ఎవరి దాకా చెప్పింది? ఆర్నే దాకానా?"

నాకు అప్పుడర్థమైంది. పై ఊరి పెద్ద తల్లి నీసా బిడ్డ. ఆ సంగతి పై ఊళ్ళో ఆడవాళ్ళలో సగంమందికి తెలిసే ఉంటుంది. మగవాళ్ళలో ఒక్కడికీ తెలియదు. వాళ్ళు తండ్రుల పేర్లే చెప్పుకుంటారు.

తిమారెతా తేనెలో వేలు ముంచి నాకింది. "బాగుంది. అడవి పువ్వుల తేనె."

"నేనడిగింది అది కాదు."

"నాకు చెవులు సరిగా వినపడట్లేదే ఈ మధ్య."

"మొన్న విందులో పాట వినపడిందా?"

ముసలామె వేలు తుడుచుకుంది. తర్వాత, "వినపడింది. ఆడవాళ్ళ గదిలోంచి విన్నాను. కోడళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను" అంది. "ఏం చెయ్యమంటావు నికిప్పా? వాడు నన్ను బాగా చూసుకుంటాడు. పళ్ళు లేవని మెత్తటి గోధుమ రొట్టె చేయిస్తాడు. చలికాలం నా మంచం పొయ్యి దగ్గర వేయిస్తాడు. నలుగురిలో వాడి తల కొట్టేయమంటావా?"

"వాడి తల నాకెందుకు? పండగ నాడు నేను పేర్లు చెప్పబోతున్నాను. నా పేరు నుంచి నీసా తల్లి దాకా. నేనొక్కదాన్ని చెబితే నా మేకల కోసం అల్లిన కథంటారు. రెండో గొంతు కావాలి."

"మగవాళ్ళ ముందు చెబుతావా? నీకు మతిపోయిందా? ఊట ఎండిపోదూ?"

"ఎండితే ఎండనీ. దాసి అని ఒప్పుకుంటే మాత్రం ఆ తల్లి ఊరుకుంటుందా?"

తిమారెతా తేనె కుండ మీద గుడ్డ కప్పి కట్టింది. "నేను రాను. నువ్వు కూడా రాలేదనుకో, నేను చూడలేదనుకో" అంది. మేం లేచి వచ్చేశాం. దారిలో నేను, "ఇప్పుడెలా అత్తా?" అన్నాను. "తేనె కుండ వెనక్కి తేవాల్సింది" అంది ఆవిడ.

పండగ రోజు మధ్యాహ్నానికి మూడు ఊళ్ళూ బలిపీఠం దగ్గర పోగయ్యాయి. ఎండ కాస్తోంది. ఓక్ చెట్ల కింద మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు. ఆర్నే కడవ వచ్చింది, నీళ్ళు పోశారు. మెలాంథో కడవ వచ్చింది, నీళ్ళు పోశారు. మూడోది ఉండదని అందరికీ తెలుసు. అప్పుడు మా అత్త కడవ నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళలోంచి బయటికి నడిచింది. వెనకే నేను.

ఎపీతెలెస్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. "అమ్మా నికిప్పా, నిన్ను అవమానించాలని నాకు లేదు. కడవ దించి ఇంటికి పో. ఇక్కడ అక్కచెల్లెళ్ళ పిల్లలకే చోటు."

"ఆ సంగతి చెప్పడానికే వచ్చాను" అని అత్త కడవ దించి బలిపీఠం మెట్టు మీద పెట్టింది. "సభలో ఆడది మాట్లాడకూడదు. ఇది సభ కాదు, దేవి గుమ్మం. ఇక్కడ మాట మాదే."

తర్వాత ఇంకేం ముందుమాట లేకుండా మొదలుపెట్టింది. "నేను నికిప్పాని. నన్ను కన్నది లీసో. లీసోను కన్నది ఆంద్రో. ఆంద్రోను కన్నది యూక్లేయా." ప్రతి పేరుకీ ఒక గుర్తు చెప్పింది. ఒకామె వరద ఏడు పోయింది. ఒకామె తోడేలు నోట్లోంచి బిడ్డని లాక్కుంది. ఒకామెకు ఆరు వేళ్ళు. పది దాటాయి, పన్నెండు దాటాయి. "పద్నాలుగోది నీసా. థియూస్ నదికి మూడో కూతురు. దేవి కాళ్ళకు నీళ్ళు పోసింది, దేవి అడిగింది గనక. ఇంకెవరి చేతా ముట్టుకోనివ్వలేదు గనక."

ఆడవాళ్ళలో కొందరు ముఖాలు కప్పుకున్నారు. మగవాళ్ళ ముందు ఆ పేర్లు వినడం వాళ్ళకు గుండె ఆగినంత పనైంది. నాకూ అంతే. మగవాళ్ళ వైపు నుంచి ఎవడో, "పద్నాలుగు పేర్లు నేనూ అల్లగలను" అన్నాడు. నవ్వులు లేచాయి. ఎపీతెలెస్ అత్త భుజం మీద చెయ్యి వేయబోయాడు.

"ఆ యూక్లేయాకి ఇద్దరు కూతుళ్ళు."

అందరం తిరిగి చూశాం. తిమారెతా గాడిద మీద వచ్చినట్టుంది. వెనక వరసలో దిగి, కర్ర ఊతంతో ముందుకు వస్తోంది. ఆమె కోడళ్ళు ఆపలేక వెనకే వస్తున్నారు.

"చిన్నది ఆంద్రో. పెద్దది మ్నాసో. మ్నాసోను పై ఊరికిచ్చారు. మ్నాసో కన్నది ఫిలాను. ఫిలా కన్నది నన్ను. నేను తిమారెతాని." ఊపిరి అందక ఆగింది. తర్వాత కొడుకు వంక వేలు చూపించింది. "నేను కన్నది వీణ్ణి."

మా పుట్టింటి ఊరి పెద్ద దామియాస్‌ గడ్డం నిమురుకుంటూ, "అయితే ఎపీతెలెస్, లెక్కప్రకారం ఈ నికిప్పా నీకు పిన్నవుతుంది కదయ్యా" అన్నాడు. మూడు ఊళ్ళ మగవాళ్ళూ గొల్లుమన్నారు. దామియాస్ ఎపీతెలెస్ మనుషుల్లో నిలబడి ఉన్న ఫానియాస్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు స్వామీ. నీసా దాసి అయితే మా పై ఊరి పెద్ద ఎవరి మనవడు? దాసి మనవడు ఇన్నేళ్ళూ మా సభలో ముందు వరసలో ఎలా కూర్చున్నాడు?"

ఫానియాస్ తెలివైనవాడు. రెండడుగులు ముందుకు వచ్చి, కర్ర నేలకు ఆనించి, ఏమీ జరగనట్టే చెప్పాడు. "పాట ఇంకా పూర్తి కాలేదు పెద్దలూ. ఈ పేర్లు ఎవరూ నాకు చెప్పలేదు. ఇప్పుడు విన్నాను కాబట్టి సరిచేస్తాను. నీసా థియూస్ కూతురే. ఇక ఆమె భర్త అంటారా, ఈ కొండ మీద ఉత్తరపు గాలి దేవుడు ఉన్నాడు. ఆయనకు ఒకరిద్దరు భార్యలున్నా ఇంకొకరికి చోటు లేకపోదు."

"ఇన్ని తరాల తర్వాత మా తల్లికి సంబంధం తెచ్చావా నాయనా?" అంది మా అత్త. "మాకక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు పాడు."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఉత్తరపు గాలి దేవుడనగానే మా ఊరి ముసలివాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. దేవుడు అల్లుడైతే ఎవరికి చేదు? అక్కడికక్కడే మూడు ఊళ్ళ పెద్దలూ తల ఊపారు. పచ్చిక ఎప్పటిలాగే ఉమ్మడి. మా అత్త కడవ ఎత్తి నీళ్ళు పోసింది. పోస్తున్నప్పుడు ఆవిడ పెదవులు కదలడం చూశాను. నీసా తల్లికి క్షమాపణ చెప్పుకుంటోందని తర్వాత తెలిసింది.

ఎపీతెలెస్ ఎవరితోనూ తగువు పడలేదు. బలి మాంసంలో తన వాటా తీసుకుని, తన మనుషుల్ని పిలుచుకుని వెళ్ళిపోయాడు. గాడిదని కూడా తోలుకుపోయాడు. జనం పల్చబడ్డాక చూస్తే తిమారెతా ఒక్కతే రాతి మీద కూర్చుని ఉంది. కోడళ్ళు ఎటుపోయారో తెలియదు.

"నిన్ను తీసుకెళ్ళడానికి వస్తారా అక్కా?" అడిగింది అత్త.

"రారు" అంది తిమారెతా. "రాత్రే అనుకున్నాను. ఆ ఇంట్లో మంచం మీద ఉండగానే అనుకున్నాను, ఇదే ఆఖరని. తెలిసే వచ్చానులే." ఆ తర్వాత ఏడ్చింది. ఎక్కువసేపు కాదు. మేమిద్దరం చెరో రెక్కా పట్టుకుని నడిపించాం. గంటలో దిగే దారి ఆ రోజు చీకటి పడేదాకా పట్టింది.

అలా నాకు ఇద్దరత్తలయ్యారు. ఒకరితోనే వేగలేనిదాన్ని. తిమారెతాకు యవల రొట్టె నమలడం రాదు. పాలల్లో నానబెట్టి పెడితే, "ఇది మేకలకు పెట్టేది కదే" అనేది. నికిప్పా, "మేకలే నయం, తిని ఊరుకుంటాయి" అనేది. పొద్దున్న లేస్తే ఇద్దరికీ వాదన. ఏ ముత్తవ్వ ముందు పోయింది, ఎవరికి ఆరు వేళ్ళు, ఎడమ చేతికా కుడి చేతికా. నేను మధ్యలో నీళ్ళు మోసుకుంటూ తిరిగేదాన్ని. మొదటి చలికాలంలో ఎపీతెలెస్ ఒక గోనె గోధుమలు పంపాడు, మాట మాత్రం పంపలేదు. తిప్పి పంపుతుందేమో అనుకున్నాను. "నా కొడుకు గోధుమలు. నేనెందుకు తిననూ?" అని ఆ రోజే రొట్టె చేయించుకుంది.

నీసా ఊట ఎండలేదు. కానీ ఇంకొకటి జరిగింది. ఆ పద్నాలుగు పేర్లు మగవాళ్ళ నోళ్ళలో పడ్డాయి. మరుసటి వసంతానికి మా ఊరి పిల్లలు వాటిని గెంతులాట పాటగా కట్టి వీధిలో పాడుతున్నారు. ఆ ఏడు ఒక పెళ్ళికూతురికి తల్లి లేకపోతే మా అత్త ఊటలో నిలబడి చెవిలో పేర్లు చెబుతుంటే, ఆ పిల్ల మధ్యలో కిసుక్కున నవ్వింది. గెంతులాట గుర్తొచ్చిందట. అత్త చెప్పడం పూర్తి చేసింది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. పచ్చిక మిగిలినందుకు ఊరంతా ఆవిడని మెచ్చుకుంటుంటే, ఆవిడ మాత్రం ఆ నవ్వు దగ్గరే చాలా కాలం ఆగిపోయింది. ఫానియాస్ పాట ఇప్పుడు పక్క లోయల్లో కూడా పాడుతున్నారు. అందులో ఉత్తరపు గాలి నీసాను ఎత్తుకుపోతాడు. మా ఊరి మగవాళ్ళకు ఆ ఘట్టం ఎంతో ఇష్టం. ఆ పాట మొదలైతే మా అత్త లేచి వెళ్ళిపోయేది.

మా ఆయన నాలుగేళ్ళకు తిరిగొచ్చాడు, ఒక కాలు కుంటుతూ. మరుసటి ఏడు మాకు ఆడపిల్ల పుట్టింది. నికిప్పా పిల్లని ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు చూసింది. "నాలా ఉంది. ఏం లాభం? ఇది మెలాంథోది" అంది. పేర్లు తల్లి నుంచే వస్తాయి. నా కూతురికి నా పదకొండు పేర్లు. నికిప్పాకు కూతుళ్ళు లేరు, ఆవిడ తర్వాత నీసా కడవ ఎత్తడానికి మా ఇంట్లో ఎవరూ లేరు. ఊళ్ళో ఉన్న నీసా పిల్లల్లో కొందరికి ఒళ్ళు బాగోదు, కొందరికి ఆసక్తి లేదు.

అప్పటికి తిమారెతా పోయి ఏడాదైంది. ఆమెను మా ఊళ్ళోనే పూడ్చాం. ఎపీతెలెస్ వచ్చి, మా ఆనవాయితీ ప్రకారం తన జుట్టు కత్తిరించి సమాధి మీద పెట్టి, మా ఇంట్లో నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళాడు. అతని చెల్లెలి కూతురు ప్రాక్సో మాత్రం ఆ రోజు నుంచీ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. పదిహేనేళ్ళ పిల్ల, పైకి సన్నగా కనిపిస్తుంది గానీ మేకపోతుని కొమ్ములు పట్టి వంచగలదు. తిమారెతా కూతురి కూతురు, అంటే నీసా బిడ్డే. "అమ్మమ్మ మీ దగ్గర ఏం తిన్నదో, ఏం మాట్లాడిందో చెప్పండి" అని వచ్చి కూర్చునేది. వారానికొకసారి వచ్చేది కాస్తా రెండు రోజులకొకసారి రావడం మొదలుపెట్టింది. ఇంట్లో తిట్లు పడుతున్నాయా అని అడిగితే, "పడుతున్నాయి" అని అంజూరాలు తింటూ కూర్చునేది.

ఆ పిల్లకి పై ఊళ్ళోనే పెళ్ళయిన ఏడు నికిప్పా మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. పండగకు కొండ ఎక్కలేనని తెలిసిపోయింది. ప్రాక్సోని పిలిచి కడవ చూపించింది. "మోస్తావా?"

"పై ఊరి పిల్లని. మీ ఊరివాళ్ళు ఒప్పుకుంటారా అవ్వా?"

"నువ్వు ఏ ఊరి పిల్లవో నాకనవసరం. నువ్వెవరి కూతురివో చెప్పు."

ప్రాక్సో చెప్పింది. పెళ్ళినాడే తల్లి పేర్లు అప్పజెప్పి ఉంది. ఒక్కటి తప్పకుండా నీసా దాకా వెళ్ళింది. మా అత్త కళ్ళు మూసుకుని విన్నది. మధ్యలో ఒకచోట, "కుడి చేతికి, ఎడమ చేతికి కాదు" అని మాత్రం సరిదిద్దింది.

పండగ రోజు నేను ప్రాక్సో వెనకే నడిచాను. ఆర్నే కడవ పోశారు, మెలాంథో కడవ పోశారు. నీసా కడవ నెత్తిన పెట్టుకుని పై ఊరి పిల్ల నడిచి వస్తుంటే జనంలో గుసగుస లేచింది. బలిపీఠానికి వెళ్ళే దారి సన్నది. ఆ దారి మధ్యలో ఎపీతెలెస్ నిలబడి ఉన్నాడు. కావాలని నిలబడ్డాడో, చూసుకోక నిలబడ్డాడో నాకు తెలియదు. జుట్టంతా తెల్లబడింది. ప్రాక్సో అతని ముందు ఆగింది. నీళ్ళు తొణికి ఆమె మెడ మీదుగా కారుతున్నాయి.

"కాస్త జరుగు మామా, బరువుగా ఉంది" అంది.

ఎపీతెలెస్ మేనకోడలి ముఖం వంక, ఆ కడవ వంక చూశాడు. తర్వాత పక్కకు తప్పుకున్నాడు.